ఐసు కోట కట్టే ఊరు: సారనాక్ లేక్ శీతాకాలపు పండుగ

సారనాక్ లేక్ అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రపు ఉత్తర భాగాన, కెనడా సరిహద్దుకు అంత దూరం కాకుండా, ఆడిరాండాక్ కొండల నడుమ ఉన్న చిన్న ఊరు. జనాభా 5,000కు అటూ ఇటూ ఉంటుంది. ఏటా ఫిబ్రవరి మొదట్లో పది రోజుల పాటు ఇక్కడ శీతాకాలపు పండుగ జరుగుతుంది. 1897లో మొదలైన ఈ వింటర్ కార్నివాల్, అమెరికాలో నేటికీ నిలిచి ఉన్న ఇలాంటి పండుగల్లో బాగా పాతది. ఊరేగింపులూ ఆటలూ విందులూ ఏ పండుగలోనైనా ఉండేవే. ఈ పండుగకు ప్రాణం మాత్రం ఐస్ ప్యాలెస్. ఊరి సరస్సులోంచి కోసి తీసిన ఐసు దిమ్మలతో, ఊరివాళ్లే కూలి తీసుకోకుండా, సరస్సు ఒడ్డునే కట్టే కోట అది.

పండుగ పుట్టుక వెనక ఉన్నది క్షయ వ్యాధి. ఎడ్వర్డ్ లివింగ్‌స్టన్ ట్రూడో (1848–1915) అనే యువ వైద్యుడికి క్షయ సోకింది. అప్పట్లో అది మరణశాసనం కిందే లెక్క. మిగిలిన రోజులు తనకు ఇష్టమైన అడవిలో గడుపుదామని ఆయన 1873లో ఆడిరాండాక్ కొండలకు వచ్చారు. అనుకున్నట్టు చనిపోలేదు, పైగా బలం పుంజుకున్నారు. 1876లో కుటుంబంతో సహా సారనాక్ లేక్‌కు మకాం మార్చారు. కొండగాలే తనను బతికించిందన్న నమ్మకంతో 1884లో శానిటోరియం నెలకొల్పారు. మరుసటి ఏడు ‘లిటిల్ రెడ్’ అనే చిన్న చెక్క కుటీరంలో మొదటి రోగులు చేరారు. 1894లో ఆయన ఊళ్లో కట్టించిన ప్రయోగశాల, క్షయ పరిశోధన కోసమే అమెరికాలో కట్టిన మొదటి ప్రయోగశాల.

ఆనాటికి క్షయకు మందు లేదు. స్ట్రెప్టోమైసిన్ 1940లలో గానీ రాలేదు. పూర్తి విశ్రాంతి, పుష్టికరమైన తిండి, ఎడతెగని ఆరుబయటి గాలి, ఇవే చికిత్స. మైనస్ 15 డిగ్రీల చలిలో కూడా రోగులు దుప్పట్లు, బొచ్చు కోట్లు కప్పుకొని వరండాలో వాలుకుర్చీల మీద గంటల తరబడి పడుకునేవారు. ఊళ్లో వందలాది ఇళ్లకు ఇందుకోసమే అద్దాల వరండాలు కట్టారు. ఆ ఇళ్లు చాలా వరకు నేటికీ ఉన్నాయి. ఈ పద్ధతి మనకు మరీ కొత్తదేమీ కాదు. చిత్తూరు సీమలో మదనపల్లె పక్కన ఆరోగ్యవరం శానిటోరియం 20వ శతాబ్ది తొలినాళ్లలో వెలసింది ఇదే నమ్మకం మీద. అక్కడ పొడి గాలి, ఇక్కడ చలిగాలి. ఆశ మాత్రం ఒకటే.

సారనాక్ లేక్‌లో నవంబరులో మొదలయ్యే మంచు ఏప్రిల్ దాకా కరగదు. రోగులూ, వాళ్లకు తోడొచ్చిన బంధువులూ, వాళ్ల మీద ఆధారపడి బతికే ఊరివాళ్లూ ఆ ఐదారు నెలలు ఒకే చోట చిక్కుబడి ఉండాలి. చలిని తప్పించుకునే దారి లేనప్పుడు దాన్నే ఆటగా మార్చుకోవాలనే ఆలోచనతో 1896 నవంబరులో పాంటియాక్ క్లబ్ ఏర్పడింది. స్కేటింగ్, స్లెడ్జి పందేలు, ఐసు మీద ఆడే హాకీ లాంటి ఆరుబయటి ఆటలను పెంపొందించడం దాని పని. ఆ క్లబ్బే 1897లో మొదటి కార్నివాల్ జరిపింది. ఆ మరుసటి ఏడాది, 1898లో, మొదటి ఐసు కోట లేచింది. తొలి దశాబ్దాల్లో పండుగ ఏటా జరగలేదు, మధ్యలో ఆగిపోయిన ఏళ్లూ ఉన్నాయి. 1954లో శానిటోరియం మూతపడ్డాక కూడా పండుగ మాత్రం ఊరిని వదల్లేదు.

ఐసుతో కట్టడం సారనాక్ లేక్ కనిపెట్టిన విద్య కాదు. 1740లో రష్యా మహారాణి అన్నా ఇవానొవ్నా సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో నేవా నది ఐసుతో ఒక మందిరం కట్టించింది. తనకు నచ్చని ఒక ప్రభువును అవమానించడానికి అతనికి పెళ్లి చేయించి, ఆ రాత్రంతా నవదంపతులను అందులో బంధించింది. 1883లో మాంట్రియల్, 1886లో సెయింట్ పాల్ నగరాలు పెద్ద పెద్ద ఐసు కోటలు కట్టించి యాత్రికులను రప్పించుకున్నాయి. ఒకటి రాణిగారి క్రూర వినోదం, తక్కినవి నగరాల ఆడంబరం. చిన్న ఊరు ఆ విద్యను చేతిలోకి తీసుకొని, ఏ రాణీ ఏ నగరపాలికా అడగకుండా తరాల తరబడి నిలబెట్టుకోవడమే సారనాక్ లేక్ ప్రత్యేకత.

కోట పని మొదలయ్యేది కట్టడంతో కాదు, సరస్సును కనిపెట్టుకొని ఉండటంతో. ఊరి మధ్య పారే సారనాక్ నదికి ఆనకట్ట వేయగా ఏర్పడినది ఫ్లవర్ సరస్సు. దాని ఒడ్డున పాంటియాక్ బే అనే చిన్న మూలలో కోట లేస్తుంది. డిసెంబరులో సరస్సు గడ్డకట్టగానే మందాన్ని కొలవడం మొదలుపెడతారు. మనుషులూ యంత్రాలూ దాని మీద నిలవాలన్నా, దిమ్మ గోడకు పనికి రావాలన్నా కనీసం అడుగు మందం కావాలి. ఐసు ఎదిగేది కింది నుంచి. పైనున్న చలిగాలి ఐసు గుండా కింది నీటి వేడిని లాగేస్తూ ఉంటే, అడుగు భాగాన కొత్త పొర పేరుకుంటుంది. ఐసు మీద మంచు పడి నిలిస్తే ఆ వేడి పైకి పోదు, ఎదుగుదల మందగిస్తుంది. మంచు కప్పిన సరస్సు కంబళి కప్పుకున్న మనిషి లాంటిదే, లోపలి వెచ్చదనం బయటికి రాదు. అందుకే కోత కోసే మేర మంచును ఎప్పటికప్పుడు తోసేస్తారు. చలి నేరుగా తగిలిన చోట ఐసు త్వరగా మందం కడుతుంది, తేటగానూ ఉంటుంది. మంచు తడిసి గడ్డకట్టినది తెల్లగా, గాలి బుడగలతో నిండి ఉంటుంది. నీరు నేరుగా గడ్డకట్టినది గాజులా, కాస్త నీలి ఛాయతో ఉంటుంది. ఒకే దిమ్మలో పైన తెలుపు, కింద నీలం కనిపించడం మామూలే.

జనవరి మధ్యలో కోత. ఐసు మీద తాడు, కొలబద్దలతో పెద్ద గళ్ల పట్టా గీస్తారు. ఒక్కో గడి రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడవు. ఇంజనుతో తిరిగే పెద్ద గుండ్రటి రంపాన్ని ఆ గీతల వెంబడి నడుపుతారు. రంపం కిందిదాకా కోయదు. కొంత మందం వదిలేస్తుంది. ఇందులోనే పనితనం ఉంది. అడుగుదాకా కోస్తే నీరు గాట్లలోకి ఉబికి వచ్చి, తెల్లారేసరికి మళ్లీ గడ్డకట్టి పని మొదటికొస్తుంది. సగానికి పైగా కోసి వదిలేస్తే, తర్వాత గాటులో గునపం దించి ఒక్క పోటు పొడిస్తే చాలు, దిమ్మ గీత వెంబడే తెగి విడిపోతుంది. గునపం ఎక్కడ దించాలో, ఎంత బలంగా పొడవాలో తెలియకపోతే దిమ్మ అడ్డంగా పగులుతుంది. చేతి రంపాలు కూడా ఇంకా వాడుతున్నారు. మనిషి నడుము ఎత్తుండే పళ్ల రంపాలు అవి, మూలల దగ్గర వాటిని మించిన పనిముట్టు లేదు.

ఈ గళ్ల కోత 19వ శతాబ్దపు ఐసు వ్యాపారం నేర్పినది. బోస్టన్ వర్తకుడు ఫ్రెడరిక్ ట్యూడర్ మసాచుసెట్స్ సరస్సుల ఐసును ఓడల్లో ఉష్ణదేశాలకు పంపేవాడు. అతని దగ్గర పనిచేసిన నథానియెల్ వైత్ 1825లో గుర్రం లాగే ఐసు నాగలిని రూపొందించాక, చేత్తో ఒక్కో గడ్డను కోసే కాలం పోయి సమానమైన దిమ్మలు రావడం మొదలైంది. సమానమైన దిమ్మలు ఓడలో సందు లేకుండా పేరుకుంటాయి కాబట్టి తక్కువ కరుగుతాయి. 1833లో ఆ ఐసు కలకత్తా చేరింది. 1842లో మద్రాసు సముద్రతీరాన, ట్రిప్లికేను దగ్గర, దాన్ని దాచడానికి గుండ్రటి భవనం కట్టారు. కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాజధానిలో ఉన్న రోజుల నుంచీ తెలుగువాళ్ల నోట నలిగిన ‘ఐస్ హౌస్’ అదే. ఐసు వ్యాపారం పోయిన తర్వాత, 1897 ఫిబ్రవరిలో అమెరికా, ఐరోపాల నుంచి తిరిగి వచ్చిన వివేకానందుడు బస చేసింది అక్కడే. సారనాక్ లేక్ మొదటి కార్నివాల్ జరుపుకున్నదీ ఆ ఏడే. ఫ్రిజ్‌లు వచ్చాక సరస్సుల్లో ఐసు కోయడం ప్రపంచమంతటా దాదాపు అంతరించింది. గళ్లు గీయడం, సగం కోత, గునపం పోటు ఈ ఊళ్లో ఏటా చేతులు మారుతూ బతుకుతున్నాయంటే కోట పుణ్యమే.

రెండడుగులు, నాలుగడుగులు, అడుగు మందం ఉన్న దిమ్మ బరువు 200 కిలోలు దాటుతుంది. మందం అడుగున్నర అయితే 300 కిలోలు. అంత బరువును కదిలించడానికి మొదట సాయపడేది నీరే. ఐసు నీటికన్నా తేలిక, తొమ్మిది వంతులు మునిగి ఒక వంతు పైకి తేలుతుంది. కోసిన మేర సరస్సులో కాలువలా తెరుచుకుంటుంది. దాని అంచున నిలబడి, చివర కొక్కెమున్న పొడవాటి కర్రతో తోస్తే ఒక్క మనిషే దిమ్మను ఒడ్డుదాకా నడిపించగలడు. దిమ్మలు వరసగా తేలుతూ రావడం చూడటానికే ఊరివాళ్లు పిల్లలను తీసుకొని వస్తారు. ఒడ్డుకు చేరాక మాత్రం పొక్లెయిన్ లాంటి యంత్రాలే ఎత్తాలి. ఒకప్పుడు గుర్రాలు, కప్పీలు చేసిన పని ఇది.

ఇక కట్టుబడి. దీని నియమాలు తాపీపనివే. కింది వరసలో అతుకు పడ్డ చోట పై వరసలో దిమ్మ నడిభాగం రావాలి. అతుకు మీద అతుకు వస్తే గోడ నిలువునా చీలుతుంది. ప్రతి వరసకూ రసమట్టం పెట్టి చూస్తారు. ఎగుడుదిగుడులుంటే రంపంతో, ఉలితో చెక్కి సరిచేస్తారు. గారకు బదులు వాడేది మంచు అడుసు. బకెట్లో పొడి మంచు పోసి, సరస్సు నీళ్లు కలిపి, ముద్దగా పిసికి, దిమ్మల సందుల్లో చేతులతో కూరతారు. అడుసులోని నీరు గడ్డకడుతూ విడిచే వేడిని పక్కనున్న చల్లటి దిమ్మలూ పైనున్న గాలీ పీల్చుకుంటాయి. కాసేపటికి దిమ్మలు, అడుసు ఒకే రాయిగా మారతాయి. ఈ పని అంతా గాలి చలి మీద ఆధారపడి ఉంటుంది. ఉష్ణోగ్రత సున్నాకు దగ్గరగా ఉంటే అడుసు తడిగానే ఉండిపోయి, దిమ్మలు జారతాయి. మరీ మైనస్ 25, 30కి దిగితే అడుసు బకెట్లోనే బిగుసుకుపోతుంది, చేతి తొడుగులు అంటుకుపోతాయి. పనివాళ్లకు ఇష్టమైన వాతావరణం మైనస్ 10 చుట్టుపక్కల, మబ్బు పట్టిన రోజు.

మబ్బు ఎందుకంటే, ఐసు కోటకు గాలికన్నా ఎండే పెద్ద శత్రువు. సున్నాకన్నా ఎంతో దిగువన ఉన్నప్పటికీ, దక్షిణం వైపు గోడకు ఎండ సూటిగా తగిలితే ఆ కిరణాలు ఐసు లోపలికి దూరి, స్ఫటికాల నడుమ అతుకులను కరిగిస్తాయి. పైకి గట్టిగానే కనబడే గోడ లోపల గుల్లబారుతుంది. పైగా ఐసు తన బరువు కింద తానే చాలా నెమ్మదిగా సాగే పదార్థం. అందువల్ల అడుగు వరసలు వెడల్పుగా, పైకి పోయేకొద్దీ సన్నగా కడతారు. కమానుకు ముందు చెక్క చట్రం నిలబెట్టి, దాని మీద దిమ్మలు పేర్చి, అడుసు బిగిశాక చట్రం తీసేస్తారు. సాధారణంగా పైకప్పు వేయరు. బురుజులు, గోడలు, నడవాలు, సింహాసనాలు ఆకాశం కిందే ఉంటాయి, జనం లోపల తిరుగుతారు. గోడల్లో రంగు దీపాలు అమరుస్తారు. వేడి తక్కువ కాబట్టి ఎల్‌ఈడీ దీపాలు ఇందుకు బాగా అనువైనవి. తేట ఐసు గుండా వెలుగు దూరం పోతుంది, తెల్ల ఐసులో చెదిరి పరుచుకుంటుంది. రెండు రకాల దిమ్మలనూ ఎక్కడ పెట్టాలో తెలిసిన మేస్త్రి చేతిలో రాత్రివేళ గోడ పగటికన్నా అందంగా ఉంటుంది.

ఇంత పనీ చేసేది ఐస్ ప్యాలెస్ వర్కర్స్ అని పిలుచుకునే స్వచ్ఛంద బృందం, దానికి తోడు ఆ పూటకు వచ్చినవాళ్లు ఎవరైనా. బడి పంతుళ్లు, వడ్రంగులు, నర్సులు, రిటైరైనవాళ్లు, సెలవు మీద వచ్చిన విద్యార్థులు, ఊరు చూడటానికి వచ్చి ఆగిపోయిన బాటసారులు. పార పట్టగలిగిన ప్రతివాళ్లకూ ఏదో పని అప్పజెబుతారు. కొత్తవాళ్లు అడుసు కలుపుతారు. కొన్నేళ్ల అనుభవం వచ్చాక దిమ్మ కూర్చడం, ఆ తర్వాతే గీతలు గీయడం, రంపం నడపడం. సమీపంలోని రాష్ట్ర జైళ్ల ఖైదీలు కూడా చాలా ఏళ్ల పాటు ఈ పనిలో చేయి వేశారు. నమూనాలు గీసి ఇచ్చే వాళ్లుంటారు గానీ ఆ గీతల్లో కొంత ఖాళీ వదిలే ఉంచుతారు, ఎందుకంటే ఆ ఏడాది ఐసు ఎంత మందం ఇస్తుందో ముందుగా ఎవరికీ తెలియదు.

చైనాలోని హార్బిన్ ఐసు ఉత్సవంతో పోలిస్తే ఈ కోట చాలా చిన్నది. సోంగ్‌హువా నది ఐసుతో అక్కడ వేలాది కూలీలు ఒక నగరాన్నే నిలబెడతారు, టిక్కెట్టు కొని లోపలికి వెళ్లాలి. ఆ కళ గొప్పదే. అయితే చూసేవాడూ కట్టేవాడూ వేరైన చోట పండుగ ప్రదర్శనగా మారుతుంది. పాంటియాక్ బే దగ్గర టిక్కెట్టు లేదు. కోటలో తిరిగే పిల్లవాడికి ఏ గోడలో తన నాన్న కూర్చిన దిమ్మ ఉందో తెలుసు.

కోట చుట్టూ అల్లుకున్న పండుగ కూడా ఈ తీరులోనే నడుస్తుంది. ప్రతి ఏడూ ఒక ఇతివృత్తం ఎంచుకుంటారు. కోట నమూనా, ఊరేగింపు శకటాలు, వేషాలు అన్నీ దాని ప్రకారమే. మొదట్లోనే రాజు, రాణి పట్టాభిషేకం జరుగుతుంది. అందగాళ్లకో ధనవంతులకో దక్కే కిరీటం కాదిది. ఏళ్ల తరబడి ఊరికి సేవ చేసిన పెద్దవాళ్లను ఎంచి, పేర్లు ఆ రాత్రిదాకా దాచిపెట్టి, సభలో ప్రకటిస్తారు. హైస్కూలు పిల్లల నుంచి యువరాజులు, యువరాణులు వస్తారు. శనివారం పెద్ద ఊరేగింపులో, మడతకుర్చీలు తిప్పుతూ కవాతు చేసే ‘లాన్ చెయిర్ లేడీస్’ బృందం కోసం జనం రోడ్డు పక్కన గంటల తరబడి చలిలో నిలబడతారు. ఆడవాళ్లకు మూకుడు విసిరే పోటీ, పిస్గా కొండ మీద ట్యూబుల్లో జారే పందెం, కట్టెలు కోసే వాళ్ల ప్రదర్శన, నాటికలు, పాటలు ఉంటాయి. చివరి రాత్రి కోట మీద బాణసంచా కాలుస్తారు, దాన్ని కోట ముట్టడి అంటారు.

పండుగ ఖర్చులో కొంత బటన్లు అమ్మగా వస్తుంది. చొక్కాకు తగిలించుకునే ఈ బొమ్మ బిళ్లలను 1981 నుంచి గీసి ఇస్తున్నది ‘డూన్స్‌బరీ’ కార్టూన్ల సృష్టికర్త గ్యారీ ట్రూడో. డాక్టర్ ట్రూడోకు ముని మనవడు, పెరిగింది ఈ ఊళ్లోనే. ఊరివాళ్లు పాత బటన్లను పోగు చేసి పెట్టుకుంటారు. పండుగ చరిత్రను ఏడాది వారీగా చదువుకోవడానికి అంతకన్నా మంచి దస్తావేజు లేదు.

శీతాకాలంలో అద్దెకు గదులు దొరకనంతగా నిండే లాడ్జీలు, నాలుగు డబ్బులు చూసే దుకాణాలు కూడా ఈ పండుగ ఫలమే. అయితే దాని అసలు విలువను అక్కడ కొలవడం సరికాదు. ఫిబ్రవరి ఆ కొండల్లో మనుషులు ఇళ్లలో ముడుచుకుపోయే నెల. పగలు కురచ, చీకటి పొడుగు, ఒంటరివాళ్లకు మరీ బరువు. సరిగ్గా అప్పుడు వందలాదిమందిని ఆరుబయటికి లాగి, ఒకరి పక్కన ఒకరిని నిలబెట్టి, చేతికి బకెట్ ఇచ్చే పని ఇది. పాంటియాక్ క్లబ్ రోగుల ఊరికి ఇవ్వదలచుకున్నది కూడా అదే. క్షయకు మందు వచ్చింది, శానిటోరియం పోయింది. చలికాలపు ఒంటరితనానికి మాత్రం మందుబిళ్ల ఇప్పటికీ లేదు.

పండుగ ముగిశాక కోటను ఎక్కువ రోజులు ఉంచరు. ఎండ ముదిరేకొద్దీ గోడలు ఎప్పుడు ఒరుగుతాయో చెప్పలేం కాబట్టి, ప్రమాదం తోచగానే జనాన్ని దూరంగా ఉంచి యంత్రంతో కూల్చేస్తారు. శకలాలు ఒడ్డునే కరిగి మళ్లీ సరస్సులో కలుస్తాయి. కూల్చాల్సిన రోజు ఇప్పుడు ఒకప్పటికన్నా తొందరగా వచ్చేస్తోంది. పొరుగూరు లేక్ ప్లాసిడ్ 1932లోనూ 1980లోనూ శీతాకాల ఒలింపిక్స్ జరిగిన చోటు. అక్కడి మిర్రర్ సరస్సు ఎప్పుడు గడ్డకట్టిందో, ఎప్పుడు కరిగిందో 1903 నుంచి రాసిపెట్టిన లెక్కలున్నాయి. ఐసు నిలిచే కాలం ఈ శతాబ్ద కాలంలో గణనీయంగా తగ్గిందని అవి చెబుతాయి. డిసెంబరు వెచ్చగా గడిచిన ఏళ్లలో కోత ఆలస్యమవుతుంది, దిమ్మలు పలచగా వస్తాయి, కట్టుబడి మధ్యలో వాన పడితే వేసిన వరసలు పాడవుతాయి. దానికి పనివాళ్లు ఎంచుకున్న దారి సూటిగా ఉంది. కోట ఎత్తును కాగితం మీద కాకుండా సరస్సు దగ్గర నిర్ణయిస్తారు. ఐసు అడుగున్నర ఇస్తే బురుజులు లేస్తాయి. అడుగే ఇస్తే గోడలు పొట్టిగా, మొదలు వెడల్పుగా కట్టి, బురుజులు తగ్గిస్తారు. మంచు తోయడం ముందే మొదలుపెడతారు, రాత్రిళ్లు పని పెంచుతారు, చలి దిగిన నాలుగు రోజుల్లో వారం పని చేసేలా మనుషులను పోగుచేసుకుంటారు.